పేరు పెట్టి పిలిచేదాకా

ఏలూరు,
8 సెప్టెంబరు 2003.

మునీర్ మామూకు రేహానా సలాములు.

నా మీద మోపిన అభియోగాన్ని ముందు చదవండి. క్షేమ సమాచారాలు ఆ తరువాత. మా ప్రిన్సిపాలు సూర్యప్రకాశరావు గారి సంతకంతో వచ్చిన కాగితంలోని మాటలివి: “వక్తృత్వ సంఘం కార్యదర్శిని, బి.ఏ. మూడో సంవత్సరం విద్యార్థిని రేహానా, ఆగస్టు 30 శనివారం మధ్యాహ్నం, అనుమతి లేకుండా, ఒక మనిషి తల నరికే నిజమైన దృశ్యాన్ని అరవైమంది విద్యార్థినులకు చూపించి, వారి మనసులను గాయపరచినది.”

ఒక్క వాక్యంలో ఇన్ని అసత్యాలను ఇమడ్చడం కూడా ఒక విద్యే. అనుమతి లేదన్నారు; ‘పాశ్చాత్య సంగీత చిత్ర ప్రదర్శన, అనంతరం చర్చ’ అని నేను రాసిన దరఖాస్తు మీద పచ్చ సిరాతో సంతకం చేసింది వారే. అరవైమంది అన్నారు, నలభై ఒక్కమంది, తలుపు దగ్గర నిలబడి నేనే లెక్కపెట్టాను. నిజమైన దృశ్యం అన్నారు. అది డెబ్బైల్లో ఒక రాక్ గాయకుడు వేలమంది ఎదుట ఆడిన ఆట. వేసవిలో మీ వీడియో లైబ్రరీలో అట్ట మీది బొమ్మ చూసి, “ఇదేదో మన డ్రామా కంపెనీ వేషంలా ఉందే!” అని మీరే తీసి నా చేతిలో పెట్టారు, గుర్తుందా? కాటుకను చెంపల దాకా కార్చుకున్న ఆ మనిషి బట్టల బీరువాలోంచి పుట్టుకొస్తాడు, దర్జీ బొమ్మతో పోట్లాడతాడు, దాన్ని చంపుతాడు. ముసుగులు వేసుకున్న న్యాయమూర్తులు అతణ్ణి విచారిస్తారు. పాట ఆగదు. కత్తి యంత్రం కింద పడుకోబెడతారు. తల తెగుతుంది, తలారి దాన్ని జుట్టు పట్టి ఎత్తి చూపిస్తాడు. గదిలో ఊపిరి చప్పుడు లేదు మామూ! అక్కడ నేను లేచి, “దిగ్భ్రాంతి కలిగించే హక్కు కళకు ఉందా?” అని చర్చ ప్రారంభించాను. నా నాలుగేళ్ల వక్తృత్వంలో అంత నిశ్శబ్దాన్ని ఎప్పుడూ గెలవలేదు.

గాయం సంగతి. ప్రభావతి అని, కొల్లేటి లంకల నుంచి వచ్చిన మొదటి సంవత్సరం పిల్ల ఒకతె ఆ సాయంత్రమే హాస్టల్ వదిలి ఊరికి వెళ్లిపోయింది. ఇంతవరకూ తిరిగి రాలేదు. ఆమె పిరికితనాన్ని కూడా నా నెత్తిన పెట్టారు. ప్రిన్సిపాలు గారు నన్ను పిలిచి, “ఏమ్మా, మీ ఇంట్లో ఇలాంటివే చూస్తారా?” అన్నారు. “మా ఇంట్లో తివాచీలు నేస్తారండీ, చూడ్డానికి తీరిక ఉండదు” అన్నాను. అది కూడా రాసుకున్నారు.

విచారణ సంఘం ఈ నెల 29న కూర్చుంటుంది. నేరం రుజువైతే నన్ను కళాశాల నుంచి పంపేస్తారు. ఆ ఆట ఉన్న రెండు డిస్కులను గూడెం బస్సు కండక్టరు చేతికి ఇచ్చి పంపుతున్నాను. వారు అడిగేలోగా మీ దగ్గరుంటే మేలు. జాగ్రత్త పెట్టండి. అమ్మకు చెప్పకండి.

తల ఇంకా మెడ మీదే ఉన్న
మీ రేహానా

~

తాడేపల్లిగూడెం,
12-9-2003.

చిరంజీవి రేహానాకు మునీర్ మామూ దువాలు.

నీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టి, ‘నిజమైన దృశ్యం’ దగ్గరికొచ్చేసరికి స్టూలు మీద కూలబడ్డానమ్మా. కాగితం మీద రాసి సంతకం పెట్టారా! ఇక్కడ వారం నుంచి పోలీసులు వీడియో షాపుల్లో దొంగ కాపీ డిస్కులు వెతుకుతున్నారు. నీ పార్శిలూ వాళ్ల జీపూ ఒకే పూట వచ్చాయి. రెండు డిస్కుల్నీ రోకలితో చితక్కొట్టి కాలవలో కలిపేశాను. నువ్వు నిశ్చింతగా ఉండు. ఇక ఎవరికీ దొరకవు.

నాకొక్కటే అర్థం కాలేదు. రెండో డిస్కు చివర ఆ మనిషి లేచి వస్తాడు కదా? తువ్వాలుతో మెడ తుడుచుకుని, గడ్డం ఎత్తి అటూ ఇటూ చూపించి, వంగి దణ్ణం పెడతాడు. నాకు ఇంగ్లీషు రాకపోయినా ఆ పని తెలుసు కాబట్టి, వేసవిలో నువ్వు పట్టుకెళ్లేలోగా మూడుసార్లు వేసుకుని చూశాను. అది చూశాక కూడా ఆ పిల్ల ఎందుకు భయపడిందంటావు?

మీ తాతయ్య మొహిద్దీన్ సాహెబు డ్రామా సామాన్ల కంపెనీలో కిరీటాలకు తగరం అంటించే రోజుల నుంచి నాకు తెలిసిన రూలొకటుంది. కథలో చచ్చిన వేషం ఆఖర్న హారతికి నిలబడాలి. కంపెనీ పెద్ద అతణ్ణి వేషం పేరుతో కాకుండా, ఇంట్లో పిలిచే పేరుతో పిలుస్తాడు. అతను ముందుకొచ్చి మెడ చూపిస్తాడు. అప్పుడుగానీ జనం లేవరు. ఒక్కసారి ఆ రూలు తప్పాం, కామవరపుకోటలో. తల తెగిన వేషగాడు వాళ్లావిడకి నొప్పులని కబురొస్తే హారతికి ఆగకుండా బస్టాండుకు పోయాడు. పొద్దున్నే సామాను సర్దుతుంటే సుందరమ్మ అని ఒక ముసలావిడ స్టేజీ ముందు కూర్చునే ఉంది. “ఏమ్మా, ఇంటికెళ్లలేదా అండీ?” అంటే, “ఆ పిల్లాణ్ణి ఎవరికప్పగించారు బాబూ?” అంది. నవ్వొచ్చింది మాకు. మీ తాతయ్య మా నలుగురినీ తిట్టిన తిట్టు ఇప్పటికీ చెవిలో ఉంది. జీపు కట్టించుకుని పోయి వాణ్ణి వెనక్కి తెచ్చి ఆవిడకి చూపించాం. ఆవిడ వాడి మెడ తడిమి చూసి, “ఇంకెప్పుడూ ఇలా పోకు నాయనా” అని ఇంటికెళ్లింది.

అందుకే అడుగుతున్నాను. ఆ పిల్ల ఆఖరిదాకా ఉందా లేదా?

నీ మేలు కోరే
మునీర్

~

ఏలూరు,
16 సెప్టెంబరు 2003.

మామూకు సలాములు.

జాగ్రత్త పెట్టమంటే పిండి కొట్టారు! నా నిర్దోషిత్వానికి ఉన్న ఒకే ఒక సాక్ష్యాన్ని నా మేనమామే రోకలితో చితక్కొట్టాడని సంఘం ముందు చెప్పుకోమంటారా? ఆ వాక్యం చదివి పది నిమిషాలు నాకు మాట రాలేదు. నాకు! అమ్మ వచ్చి, “జ్వరమా?” అని నుదురు చూసింది.

మీ ప్రశ్నకు జవాబు చెబుతాను. రెండో డిస్కు నేను వేయలేదు. మొదటిది తల తెగిన చోటే ముగుస్తుంది; అంతకంటె మంచి విరామం చర్చకు దొరకదు. తలారి చేయి పైకెత్తిన బొమ్మను తెర మీద నిలిపి మాట్లాడాను. ఇంకొక నిజం కూడా చెప్పేస్తాను: రెండో డిస్కు నేను కూడా చూడలేదు. అతను లేస్తాడని మీ ఉత్తరం ద్వారానే నాకు తెలిసింది.

అయినా నా వాదం మారదు. దిగ్భ్రాంతి చెందినవాళ్ల భుజం తట్టి ‘ఏమీ కాలేదులే’ అని ఇంటికి పంపేది కళ కాదు, జోలపాట. మరణం మీద జనం చప్పట్లు కొట్టడాన్ని జనానికే చూపించాడు ఆ గాయకుడు. ఆ అద్దంలో మొహం చూసుకోలేనివాళ్లు అద్దాన్ని నిందిస్తే నేనేం చేయను? మీ సుందరమ్మ గారి పట్ల నాకు గౌరవమే. కానీ కళాశాల విద్యార్థినికి అంత ఓదార్పు అవసరమైతే, ఆమె కళాశాలకు ఎందుకు వచ్చినట్టు?

కాబట్టి సాక్ష్యం నేనే సంపాదించుకుంటాను. ఆదివారం ప్రభావతి ఊరికి వెళుతున్నాను. ‘నేను చూసినది నటన అని నాకు తెలుసు, నా మనసుకు ఏ గాయమూ కాలేదు’ అని కాగితం సిద్ధం చేశాను. ఆమె సంతకం చేస్తే సూర్యప్రకాశరావు గారి వాక్యం కూలిపోతుంది.

కోపం తగ్గని
రేహానా

~

తాడేపల్లిగూడెం,
18-9-2003. (కార్డు)

రేహానాకు దువాలు. కార్డు పోస్టుమాన్ కూడా చదువుతాడు గనక టూకీగా రాస్తున్నాను. డిస్కుల విషయంలో తప్పు నాదే, భయపడ్డాను. కానీ తల్లీ, చూడనిదాన్ని గురించి అంతసేపు ఎలా మాట్లాడావు? నిన్నటి నుంచి అదే ఆలోచిస్తూ కూర్చున్నాను, షాపుకొచ్చినవాళ్లకి ఏ క్యాసెట్టు ఇస్తున్నానో కూడా తెలియడం లేదు. ఆ అమ్మాయి దగ్గరికి కాగితం పట్టుకుని వెళ్లకు. ఏం చూసిందో అడుగు. అడిగి ఊరుకో. — మునీర్

~

ఏలూరు,
22 సెప్టెంబరు 2003.

మామూకు,

మీ కార్డు ఈ రోజు అందింది. నేను నిన్ననే వెళ్లి వచ్చాను, కాగితం పట్టుకునే.

పెదపాడు మీదుగా బస్సు, అది దిగాక దోనె. నీళ్లు నిండుగా ఉన్నాయి. రెండు చేపల చెరువుల గట్ల మధ్య ఆ దోనెలో కూర్చుని నా వాదనను మూడుసార్లు వల్లె వేసుకున్నాను. ప్రభావతి తండ్రి ఏడుకొండలు గారు గట్టు మీద వల బాగుచేసుకుంటున్నారు. మర్యాదగా లేచి నిలబడ్డారు. నేను సంచిలోంచి కాగితం తీశాను.

“మా పిల్లని చూడ్డానికొచ్చారాండీ, సంతకానికొచ్చారాండీ?” అన్నారు.

నలభై పోటీల్లో మాట్లాడాను మామూ. కాగితాన్ని మళ్లీ సంచిలో పెట్టేశాను.

ప్రభావతి వాకిట్లో బియ్యం ఏరుతోంది. సగానికి సగం అయిపోయింది మనిషి. నన్ను చూసి లేవలేదు, చాట పక్కన పెట్టి, “అక్కా, ఆయన ఇంట్లోవాళ్లకి ఎవరు చెప్పారు?” అంది.

“ఎవరి ఇంట్లో?”

“తల తీసేశారు కదా, ఆయన ఇంట్లో. ఆయన పేరేంటి?”

అతని వేదిక పేరు మాత్రమే నాకు తెలుసు. తల్లి పెట్టిన పేరు తెలియదు. అది నాటకమని, కర్ర కత్తి అని, కాగితపు తల అని చెప్పాను. ఎంతో బాగా చెప్పాను. అంతా విని, “అయితే లేచాడా?” అంది.

“లేస్తాడు.”

“మీరు చూశారా?”

అబద్ధం చెప్పడానికి అంతకంటె తేలికైన సమయం ఉండదు. చెప్పలేకపోయాను. “చూడలేదు. మా మామూ చూశారు” అన్నాను.

ఆమె తల దించుకుని, బియ్యంలో వేలితో గీతలు గీస్తూ ఇంకో మాట చెప్పింది. దాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. “నాకు నిజమో కాదో తెలవక మిమ్మల్ని చూశానక్కా. పెద్దవారు గదా, మీ మొహం చూస్తే తెలుస్తుందనుకున్నాను. మీరు నన్ను చూసి నవ్వారు. అంటే నిజంగానే చంపారు, అయినా నవ్వొచ్చు కాబోలు, చదువుకుంటే ఇలా ఉండాలి కాబోలు అనుకున్నాను. నాకా చదువొద్దు.”

నవ్వాను మామూ. గుర్తుంది. మూడో వరసలో తెల్లబోయిన ఆ మొహం చూసి, ‘తగిలింది!’ అనుకుని నవ్వాను. ఆమె నన్ను సహాయం అడుగుతోందని నాకు తట్టలేదు. ఆ మొహాన్ని నా వాదానికి రుజువుగా లెక్కవేసుకున్నాను.

ఆ కాగితం సంచిలోంచి మళ్లీ తీయలేదు. ఈ రోజు ఆఫీసులో విచారిస్తే ఇంకొకటి తెలిసింది: వరసగా పదిహేను రోజులు రాలేదని హాజరు పట్టీలో ప్రభావతి పేరు కొట్టేశారట. ఆ లంక నుంచి కళాశాలకు వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమె. సంఘం కూర్చునే రోజున స్వయంగా వచ్చి అడిగితే తప్ప మళ్లీ చేర్చుకోరు. ఆమె రానంటోంది.

డిస్కు లేదు. నేనేం చూపించను? చెప్పండి.

రేహానా

~

తాడేపల్లిగూడెం,
24-9-2003.

బంగారు తల్లికి దువాలు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు షట్టరు సగం దించుకుని కూర్చున్నాను. నేనే రావలసింది. పోలీసుల జీపు చూసి పరిగెత్తినప్పుడు మెట్ల మీద జారి మోకాలు బెణికింది, దోనె ఎక్కలేను. డిస్కు లేదు గనక, తల తెగి లేచే ఆ ఆట నువ్వే ఆడి చూపించాలి. పైగా నువ్వే చెయ్యవలసిన పని.

కండక్టరు చేతికి చెక్క కత్తి పంపుతున్నాను, మీ తాతయ్యది. ఒళ్లంతా వెండి కాగితమే, భయపడకు. మెడ చుట్టూ పసుపు ముద్ద పట్టించి ఆరనియ్యి. సున్నం నీళ్లలో కలిపి రాత్రంతా ఉంచి, పైన తేరిన తేట మాత్రం తీసుకో. అడుగు సున్నం తగిలితే మెడ బొబ్బలెక్కుతుంది. గుడ్డపేలిక తేటలో ముంచి కత్తి అంచుకు తుడువు. పసుపు మీద ఆ తడి తగలగానే పారాణిలా ఎర్రబడుతుంది. పెళ్లికూతుళ్ల పాదాలకు పెట్టేదే. మా కంపెనీలో ఎంతోమంది రాక్షసులు చచ్చింది కూడా దాంతోనే.

ముందు అన్నీ ఆ అమ్మాయికి చూపించు. ఏదీ దాచకు. కత్తి ఆమె చేతికే ఇయ్యి. నువ్వు పడుకో. కళ్లు తెరవకు, నవ్వకు, మాట్లాడకు. ఎవరు ఏమన్నా లేవకు. ఆమె నిన్ను పేరు పెట్టి పిలిచాకనే లేవాలి. పిలవకపోతే? పిలవకపోతే పడుకునే ఉండు.

ఇదంతా మీ అమ్మకు చెప్పేశాను, తిట్టుకో. “పసుపు నేను నూరిస్తానని చెప్పు” అంది.

మునీర్

~

ఏలూరు,
28 సెప్టెంబరు 2003.

ప్రియమైన మామూకు,

ఇప్పుడే లంక నుంచి వచ్చాను. మెడ ఇంకా ఎర్రగానే ఉంది, బస్సులో ఒకావిడ, “ఏం జరిగిందమ్మా?” అని లేచి సీటిచ్చింది.

మీరు చెప్పినట్టే అన్నీ ఆమె ముందు పరిచాను. సున్నపు తేటను ఆమె వాసన చూసింది. కత్తి మీద వేలు రాసి, చెక్కేనని నిశ్చయించుకుంది. ఏడుకొండలు గారు తడక పక్కన నిలబడ్డారు. చుట్టుపక్కల ఆడవాళ్లు పాతికమంది చేరారు. నేను వాళ్ల వాకిట్లో చాప మీద పడుకున్నాను. ప్రభావతి పట్టుకున్న కత్తి మెడను తాకే ముందు రెండుసార్లు నా భుజానికి తగిలింది.

చల్లగా ఒక గీత. అంతే. ఆ వెంటనే ఆమె వేసిన కేక విని, సమస్తం తెలిసిన నాకు, పసుపు నూరిన మా అమ్మ చేతి వాసన ఇంకా ముక్కుకు తగులుతున్న నాకు, ఒక్క క్షణం నిజంగా తెగిందనిపించింది మామూ. కత్తి కింద పడిన చప్పుడు. తరువాత ఎవరో నవ్వారు. ఇంకెవరో చప్పట్లు కొట్టారు. “ఎర్రగా భలే వచ్చిందే!” అన్నది ఒకావిడ. కళ్లు మూసుకుని, కదలకుండా, నా చావుకు కొట్టిన ఆ చప్పట్లు వింటూ పడుకున్నాను. ఎంతసేపో తెలియదు. చీమ ఒకటి చెవి దగ్గర పాకింది. ఆమె పిలవదేమోనని మొదటిసారి భయమేసింది.

అప్పుడు ప్రభావతి వాళ్లందరి మీదా అరిచింది. “నవ్వకండి! ముందు లేవనియ్యండి!” అరిచి, నా దగ్గర కూర్చుని, “రేహానక్కా” అంది. మెల్లగా. మళ్లీ గట్టిగా, “రేహానక్కా, లే.”

లేచాను. గడ్డం ఎత్తి అటూ ఇటూ చూపించాను. ఆమె తడిగుడ్డతో నా మెడ రుద్ది రుద్ది, కింద చర్మం కనిపించేదాకా ఊరుకోలేదు. “ఆయనా ఇలాగే లేచాడా?” అంది. “నేను చూడలేదు” అన్నాను. “మీ మామూ చూశారుగా, చాల్లే” అంది. తరువాత లోపలికి వెళ్లి పుస్తకాల సంచి దులిపింది.

రేపు తండ్రీ కూతుళ్లు మొదటి బస్సుకు వస్తారు. నా ప్రతివాదన పద్నాలుగు పేజీలు చించేశాను. రేపు సంఘం ముందు చదవబోయేది ఇంతే. మీకు ఒక ప్రతి.

“విచారణ సంఘం సభ్యులకు,

మీరు రాసిన అభియోగానికి నా జవాబు ఒక్క వాక్యం: ఆ తల కాగితంతో చేసినది, అనుమతి మీరు ఇచ్చినది.

మీరు రాయని అభియోగం ఒకటుంది. సగం మాత్రమే చూసి, సగం మాత్రమే చూపించి, మొత్తం తెలిసినట్టు మాట్లాడాను. నా కంటె చిన్నదైన ఒక విద్యార్థిని భయంతో నా వైపు చూసినప్పుడు, ఆ భయాన్ని నా గెలుపుగా భావించి నవ్వాను. ఈ నేరాన్ని అంగీకరిస్తున్నాను. దీనికి మీరు ఏ శిక్ష వేసినా ఎదురాడను.

కానీ మీరు కూడా సగంలోనే లేచి వెళ్లారు. ప్రభావతి రాలేదని పదిహేను రోజులు గమనించారు. ఎందుకు రాలేదని ఒక్క కార్డు రాయలేదు. పదహారో రోజున ఆమె పేరు మీద ఎర్ర సిరాతో ఒక గీత గీసి, పట్టీ మూసేశారు. ఆమెకు అయిన గాయాన్ని నా మీద నేరంగా రాసిన చేతులే ఆ గీత కూడా గీశాయి.

ఆమె ఈ తలుపు బయట నిలబడి ఉంది. తండ్రి పక్కన, పుస్తకాల సంచితో.

దయచేసి మీలో ఎవరూ కుర్చీల్లోంచి లేవకండి. నా సంగతి తరువాత చూడవచ్చు. ముందు హాజరు పట్టీ తెప్పించండి. ఆ ఎర్ర గీత కింద ఉన్న పేరును, బయటికి వినిపించేటట్టు, పిలవండి.”